సూది రూతమ్మది, ట్యూబులు నావి

కోరుట్ల నుంచి.

లచ్చక్కకు నీ తమ్ముడు రాజేశం కాళ్ళు మొక్కి రాస్తున్నాను. నేనిక్కడ బాగున్నాను. తింటున్నాను, తిరుగుతున్నాను. మెట్లు దిగేటప్పుడు తప్ప మోకాళ్ళు కూడా నా మాట వింటున్నాయి. నీ ఒంట్లో ఎలా ఉంది? కాళ్ళ వాపు తీసిందా? నాలుగడుగులు వేస్తే దమ్ము వస్తోందా ఇంకా? బావ దగ్గు ఏమైంది? మీ ఎదురింటి షెడ్డులో మరమగ్గాల సాంచెలు నడుస్తున్నాయా, సమ్మె అని బంద్ పెట్టారా? ఏ సంగతీ దాచకుండా కబురు పంపించు. నా గురించి మాత్రం రంది పెట్టుకోకు. నేను బాగున్నాను.

ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటని బావ అంటాడు. ఏం చెయ్యమంటావు? నలభై ఏళ్ళు సాంచెల మోత విన్న చెవులు నీవి. అద్దకం బట్టీ మంట పక్కన ముసలైన చెవులు నావి. మొన్న ఫోన్‌లో నేను మాత్రలు వేసుకున్నావా అంటే నువ్వు చేనులో మక్కలు ఇంకా విరవలేదన్నావు. అదే మాట అరిచి అడిగితే ఈ వాడకట్టంతా తలుపులు తీసి చూసింది. కాగితం మీద అరవాల్సిన పని లేదు.

బావా, చదివి వినిపించేవాడివి నువ్వే గనక నీకొక మాట. నచ్చని ముక్కలు మింగే అలవాటు నీకు ఉంది. పోయినసారి నీ చుట్టల గురించి నేను రాసింది అక్క చెవిన పడలేదని తెలిసింది. ఈసారి ఒక్క ముక్క మింగకు. ఇది అక్క పాణానికి సంబంధించిన ఉత్తరం.

అక్కా, బట్ట తానులు వేసుకుని వచ్చిన వెంకటి నీ కబురు చెప్పాడు. తెలంగాణ సమ్మెతో బస్సులు లేవు కదా, వాడి ట్రాలీ ఆటోయే ఇప్పుడు మనకు తపాలా. దిగీ దిగగానే నవ్వు మొఖం పెట్టాడు. వాడు నవ్వితే నాకేదో మూడిందని లెక్క.

“కాకా, పెద్దవ్వ వస్తనన్నది. గని ఒక మాట చెప్పుమన్నది.”

“ఏంది?”

“నెత్తురు రూతమ్మనే తియ్యాల్నట. నువ్వు తియ్యద్దట.”

“నేను తియ్యద్దా? ఎవలన్నరు గా మాట?”

“పెద్దవ్వనే అన్నది. చిన్నప్పుడు నీకు సూదిల దారం ఎక్కియ్యమని ఇస్తే వేలికి గుచ్చుకొని ఏడ్చెటోనివట. గసొంటోనికి నా చెయ్యి ఎట్లిత్తు అన్నది.”

మా రక్త పరీక్షల లాబ్‌లో బెంచీ మీదున్న వాళ్ళంతా విన్నారు. నాతో పనిచేసే రూతమ్మ కూడా విన్నది. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే కోపమైనా చేసుకునేవాణ్ణి.

అక్కా, ఒక సంగతి ఆలోచించు. రూతమ్మ మొఖం నువ్వు ఎన్నడూ చూడలేదు. ఆమెను నీకు తెలియజేసిందెవరు? నేను. ఆమె అంటే పడక, ఎవరికీ చెప్పుకోలేక నా కడుపులో మంటంతా నీకు రాస్తూ వచ్చాను. “చూడు అక్కా, పిల్లలు ఏడవకుండా ఆమెకే చెయ్యి ఇస్తారట, ఎంత విడ్డూరం” అని రాశాను. “ముసలోళ్ళ నరం కూడా ఒక్క పోటుకు దొరుకుతుందట, ఎంత గొప్ప” అని రాశాను. నేను తిట్టిపోయడానికి రాసినవన్నీ నువ్వు మెచ్చుకోలు అని విన్నావు. బావ చదివేటప్పుడు ఆ రాగం తీశాడేమో కూడా, నాకు అనుమానమే. ఇప్పుడు నా సొంత అక్క, నన్ను చంకనేసుకుని పెంచిన అక్క, నా ఉత్తరాలు విని నన్నొద్దు ఆమే కావాలంటోంది.

వెంకటి ఆ తర్వాత చెప్పిన మాటకు మాత్రం నాకు ఈ ఉడుకుమోతుతనమంతా ఎగిరిపోయింది. పళ్ళు తోముకుంటే నెత్తురు వస్తోందట కదా? చెయ్యి గడపకు తగిలితే నల్లగా కమిలిందట కదా? అక్కా, గుండె కోసం నీకిచ్చిన ఆ మాత్ర రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర. తక్కువైతే గడ్డ కడుతుంది. ఎక్కువైతే ఇట్లా కారుతుంది. ఎంత వేసుకోవాలో చెప్పేది పరీక్ష ఒక్కటే. నెలకోసారి చేయించాలన్న పరీక్షను నువ్వు రెండు నెలలుగా ఎగ్గొట్టావు. నేను ఇక్కడి డాక్టరును అడిగాను. ఆయన కాగితాల మీది నుంచి తల ఎత్తి, “ఇంకా కూర్చున్నావేం? తొందరగా రమ్మను” అన్నాడు. ఆ తల ఎత్తడంతో నాకు అన్నం సయించడం లేదు.

అక్కడే చేయించుకోవచ్చు కదా అంటే, అక్కడెవరో చేతులు రెండూ నీలంగా అయ్యేటట్టు పొడిచారని, ఇక ఏ సూదికీ చెయ్యి ఇవ్వనని మొండికేశావట. రూతమ్మకైతే ఇస్తానన్నావట. అంటే నీ ఆరోగ్యం ఇప్పుడు రూతమ్మ చేతిలో ఉంది. నేను దీన్ని ఎలా మింగుతానో నువ్వే చెప్పు.

బావ ఇంకో ఉపాయం పంపించాడు. వేలికి సూది గుచ్చి రక్తం అక్కడే ఒక మందు సీసాలో పట్టి వెంకటి చేతికిస్తే నేనిక్కడ చూపించొచ్చు కదా అని. బావా, నీ తెలివికి దండం. పాలు పంపినట్టు నెత్తురు పంపుతావా? అన్ని సీసాలూ ఒకటి కాదు. ఇది నీకు కొంచెం విడమర్చి చెప్పాలి. నాకు తెలిసిన సంగతి చెప్పే అవకాశం ఈ మధ్య ఎవరూ ఇవ్వడం లేదు, నువ్వన్నా విను.

సిరిసిల్లలో నా పనేమిటో నీకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు నూలుకు రంగులద్దాను. బట్టీ మూతపడ్డాక, నా ఇల్లాలు భాగ్య పోయాక, దాని మేనల్లుడు శ్రీనివాసు “మామా, కోరుట్లల లాబ్ పెడుతున్న, నమ్మకంగ ఒగలుండాలె, నువ్వు రా” అంటే మూట కట్టుకుని వచ్చాను. వచ్చిన మొదటి రోజు వాడు అట్ట డబ్బా విప్పి నా ముందు పెట్టాడు. చూస్తే అన్నీ రంగు మూతలు! ఆకాశం రంగు, ఎరుపు, వంకాయ రంగు, బూడిద రంగు, పచ్చ. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రంగులు నన్ను వదిలిపెట్టలేదని అనుకున్నాను.

రంగు మూతకు కాదు అక్కా విలువ, లోపల ఉన్నదానికి. ఎర్ర మూత దాంట్లో ఏ మందూ ఉండదు. రక్తం దానంతట అది గడ్డకడితే పైన తేటగా తేలిన నీరు తీసి చూస్తారు. వంకాయ రంగు మూతలో గడ్డకట్టనివ్వని మందు ఉంటుంది, నెత్తురు ఎంత ఉందో దానిలో చూస్తారు. బూడిద రంగుది చక్కెర కోసం, దానిలోని మందు చక్కెర కరిగిపోకుండా కాపలా కాస్తుంది. ఆకాశం రంగుది నీది. రక్తం ఎంత సేపటికి గడ్డకడుతుందో దానిలో చూస్తారు. దాని లోపల కొలిచి పోసిన నీళ్ళ మందు ఉంటుంది, దానికి కొలిచినట్టే రక్తం కలవాలి, గీత దాకా. గీతకు తక్కువైతే లెక్క తప్పుతుంది, ఎక్కువైనా తప్పుతుంది. తీసిన రోజే, తొందరగా చూడాలి కూడా. అందుకే మందు సీసా పనికిరాదు బావా. అందుకే మనిషే రావాలి.

ఒకే చేతి నుంచి నాలుగు ట్యూబులు నింపాలంటే వరస ఉంది. మొదట ఆకాశం రంగు, తర్వాత ఎరుపు, ఆ తర్వాతే వంకాయ రంగు, చివర బూడిద. ముందుదాని మందు బొట్టంత తర్వాతి దాంట్లోకి పోయినా లెక్క చెడిపోతుంది. శ్రీనివాసు ఇది నాకు చెబుతుంటే నేను నవ్వాను. మనం లేత రంగు గంగాళంలో ముంచాకే ముదురు రంగులో ముంచేవాళ్ళం. ముదురులో పెట్టిన చెయ్యి లేతలో పెడితే మొత్తం నూలు లడీలు పాడు. నాకు ఆ వరస చెప్పాల్సిన పని లేకపోయింది.

జనానికి మాత్రం మూతల మీద వేరే ఆలోచనలు. మెట్‌పల్లి దిక్కు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. చక్కెర పరీక్ష. బూడిద మూతది బయటికి తియ్యగానే చెయ్యి వెనక్కి లాగేసుకుంది. “బూడిద రంగు నాకద్దు కొడుకా. ఎర్రది పెట్టు. పసుపు ఉన్నా పెట్టు.” ఎంత చెప్పినా వినదు. చివరికి మూతకు కొంచెం కుంకుమ అద్దాను. మూత పైన మాత్రమే, లోపల కాదు. అప్పుడు చెయ్యి చాపింది. ఆ ఉపాయం నాది. రూతమ్మది కాదు. ఇది గుర్తుంచుకో.

ఇక ఆమె సంగతి. రూతమ్మది సారంగాపూర్ దిక్కు. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. తల్లిదండ్రులు కూలికి పోయి చదివించారట. ఏదో ఆసుపత్రిలో చేసి వచ్చింది. ఆమె రాక ముందు ఈ లాబ్‌లో సూది నాది. శ్రీనివాసే నాకు నేర్పాడు. నన్ను “డాక్టర్ తాత” అనేవాళ్ళు. తప్పని చెప్పలేదు నేను, అలా పిలిస్తే పలకడం మర్యాద. ఆమె వచ్చిన వారానికే ఆ డాక్టరు ఊడిపోయి తాత ఒక్కటే మిగిలింది.

జనం తలుపులోనే అడుగుతారు, “ఆ అమ్మ ఉన్నదా?” అని. లేదంటే బయటి అరుగు మీద కూర్చుంటారు. నేను సూది పట్టుకుని లోపల నిలబడి ఉంటాను, వాళ్ళు నన్ను చూసి నవ్వి బయటే కూర్చుంటారు. శ్రీనివాసు కొత్త కుర్చీ తెచ్చాడు, చేతులున్నది. ఎవరికి? ఎదురు హోటల్ నుంచి చాయ్ వస్తే మొదటి గ్లాసు ఆమెకు, మిగిలింది నాకు, అది కూడా చల్లారి. నరం వెతికేటప్పుడు ఆమె ఏదో కూనిరాగం తీస్తుంది. ఒకనాడు నేనూ తీశాను. ఆ పేషెంటు, “ఏమైంది తాతా, పాణం బాగలేదా?” అని అడిగాడు.

ఇంకో సంగతి చెబుతాను, ఇది నేను ఎవరికీ చెప్పలేదు. సూది పెట్టేటప్పుడు మనుషులు మొఖం అవతలికి తిప్పుకుంటారు. ఎంతటి మొనగాడైనా అంతే. ఇన్నేళ్ళు నేను సూది పెట్టానన్న మాటే గానీ, నాకు కనిపించింది వాళ్ళ చెవులే. చెవి పోగులు, చెవి వెంట్రుకలు. కోరుట్లలో సగం మందిని నేను చెవితో గుర్తుపడతాను.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు సంగతికి వస్తున్నాను. బావా, చాయ్ తాగి వచ్చి చదువు, మధ్యలో లేవకు.

సమ్మెతో సరుకు రావడం లేదు. ట్యూబులు పాతవే మిగిలాయి. ఆకాశం రంగువి మరీ తక్కువ. వాటిలో తేదీ దాటనిది ఒకటి శ్రీనివాసుతో చెప్పి నీ కోసం తీసి పెట్టాను, నా రుమాలులో చుట్టి ఫ్రిజ్ పక్కన అరలో ఉంది. ఎర్ర మూతవి కొన్ని పాతబడి, లోపల రక్తాన్ని లాగే శక్తి తగ్గిపోయాయి. వెంకటి వచ్చి పోయిన మర్నాడు ఎల్లవ్వ వచ్చింది. కోరుట్లలోనే బీడీలు చేస్తుంది. కళ్ళు తిరుగుతున్నాయని, కాళ్ళల్లో తీపులని డాక్టరు రాసి పంపాడు. రూతమ్మ ఒక్క పోటుకు నరం పట్టింది, పట్టక పోతుందా. ఎర్ర ట్యూబు సగమే నిండి ఆగిపోయింది. వంకాయ రంగుది నిండుగా వచ్చింది. సగమైనా పరీక్షకు చాలు. రూతమ్మ రెండూ స్టాండులో పెట్టి, ఎల్లవ్వ మోచేతికి దూది పెట్టి మడవమంది.

అప్పుడే రోడ్డు మీద ఆడవాళ్ళు బతుకమ్మలు పట్టుకుని వచ్చారు. ఈసారి బతుకమ్మలు చెరువు దగ్గర కంటే రోడ్ల మీదే ఎక్కువ ఆడుతున్నారు అక్కా. చౌరస్తా మధ్యలో దించి, లారీలను ఆపి, చుట్టూ తిరుగుతున్నారు. తంగేడు, గునుగు, ఎంత పెద్దవి! మన లాబ్ గుమ్మంలోకి నలుగురు వచ్చి నిలబడ్డారు.

“రూతక్కా, జల్ది రా! నువ్వు ఎత్తుకోకుంటే మేం పాడం.”

“పనున్నదే.”

“తెలంగాణ అచ్చినంక పని చేసుకుందువు గని, రా!”

రూతమ్మ చర్చికి పోయే మనిషి. అయినా బతుకమ్మ పాట ఆమే ఎత్తుకోవాలట. పాటల్లో కూడా ఆమేనా? నీ పక్కన కూర్చుని విన్న పాటలు నాకెన్ని వచ్చు! నన్నెవరు పిలుస్తారు? ఆమె ఎల్లవ్వతో, “ఇక్కడనే కూసో అవ్వా, ఒక్క పాట” అని చెప్పి బయటికి పోయింది. నేను కౌంటరు దగ్గర నిలబడి ఆమె గొంతులో తప్పు ఎక్కడ దొరుకుతుందా అని వింటున్నాను. దొరకలేదు.

పాట అయింది, ఆమె వచ్చింది, ట్యూబులు శ్రీనివాసుకు పోయాయి. కొంతసేపటికి శ్రీనివాసు లోపలి నుంచి వచ్చాడు. మొఖం సున్నం కొట్టినట్టు ఉంది. రిపోర్టు డాక్టరుకు ఫోన్‌లో చదివాడట. పొటాషియం అంత ఉంటే గుండె కొట్టుకోవడమే ఆగాలట, కాల్షియం అసలు లేనే లేదట. వెంటనే కరీంనగర్ తీసుకుపొమ్మన్నాడట. బస్సులు లేవు, ఎక్కడికక్కడ రాస్తారోకోలు. శ్రీనివాసు చెప్పులు వేసుకోకుండా ఆటో కోసం పరుగు పెట్టబోయాడు.

ఈ లెక్క ప్రకారం చచ్చిపోవాల్సిన ఎల్లవ్వ బెంచీ మీద కూర్చుని సంచిలోంచి తునికాకు తీసి కత్తిరిస్తోంది.

“అవ్వా, పండుకో, జర పండుకో!”

“ఎందుకు పండుకోవాలె? పొద్దు గుంకకముందు కట్టలు కట్టాలె. రిపోర్ట్ ఇయ్యుండ్రి, నేను పోత.”

అక్కా, నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. వంకాయ రంగు మందు ఎర్ర ట్యూబులోకి పోయింది. ముదురు గంగాళంలో పెట్టిన చెయ్యి లేతలో పెట్టారు. ఆ మందులోనే పొటాషియం ఉంటుంది, కాల్షియాన్ని అది పట్టి మింగేస్తుంది. శ్రీనివాసు ఎన్నోసార్లు చెప్పాడు. రూతమ్మ తప్పు చేసింది! ఎన్ని నెలలుగా ఎదురు చూస్తున్నాను ఈ రోజు కోసం. నెమ్మదిగా లేచాను. గొంతు సవరించుకున్నాను. బెంచీ మీద చాలామంది ఉన్నారు, అందరికీ వినబడాలి కదా. నోరు తెరిచాను.

“శీనన్నా, ఆగు,” అంది రూతమ్మ. “గిది రోగం గాదు. వంకాయ రంగుది ఎర్రదాంట్ల కలిసింది.”

నా మాట! నా నాలుక చివరి నుంచి తీసుకుపోయినట్టు తీసుకుపోయింది. తెరిచిన నోరు ఎలా మూయాలో తెలియక ఆవలించాను.

“ఎట్ల కలుస్తది?” అన్నాడు శ్రీనివాసు. “నువ్వు పోసినవా?”

“నేను పొయ్యలే.” ఆమె ఎల్లవ్వ పక్కన కింద కూర్చుంది. “అవ్వా, నేను పాటకు పోయినంక నా ట్యూబులు ముట్టినవా?”

“ముట్టిన. మంచిగనే జేసిన గదా బిడ్డా.”

“ఏం జేసినవ్?”

“ఒకటి నిండున్నది, ఒకటి సగమే ఉన్నది. కొరత కట్ట ఇస్తే తీసుకుంటరా? తక్కువుందని మల్ల పొడుస్తరేమో అనుకున్న. నిండు దాంట్లకెల్లి సగం దాంట్ల ఒంపి సమానం జేసిన. మూతలు గూడ దేనిది దానికే పెట్టిన సూడు!”

చూశావా అక్కా! ఒక్క బీడీ తక్కువైతే కార్ఖానా వాడు కట్టంతా పక్కకు తోసేస్తాడు. జీవితమంతా కట్టలు సరిచేసిన చెయ్యి, రక్తాన్ని కూడా సరిచేసింది. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. శ్రీనివాసు గోడకు ఆనుకుని నవ్వాడు. ఎల్లవ్వకు మాత్రం అప్పుడు భయం పట్టుకుంది. కత్తెర పక్కన పెట్టేసింది. “నేను ఖరాబు జేసిన్నా బిడ్డా? మీకు లుక్సాన్ జేసిన్నా?” అంది.

రూతమ్మ లేచి అందరూ వినేలా చెప్పింది. “అవ్వది తప్పు గాదు. నాది. పేషెంటు ముందట ట్యూబులు ఇడిచిపెట్టి పోవద్దు. నేను పాట కోసం పోయిన.”

ఇప్పుడు తిట్లు పడతాయని చూశాను. బెంచీ మీద ఒకాయన, “నిజం మాట్లాడే పిల్ల” అన్నాడు. ఇంకొకామె, “ఎవలు ఒప్పుకుంటరు ఈ కాలంల?” అంది. ఎల్లవ్వ ఆకులు సంచిలో పెట్టి రెండో చెయ్యి చాపింది. “మల్ల తియ్యి బిడ్డా. నీకియ్యక ఎవలకిస్త?”

అక్కా, నేను వచ్చి ఇన్నేళ్ళయింది. ఒక్క ట్యూబు తారుమారు చెయ్యలేదు, ఒక్క మూత తప్పు పెట్టలేదు. ఎవరైనా ఒక్కనాడు మెచ్చుకున్నారా? ఆమె ఒక్క తప్పు చేసింది, ఊరంతా మెచ్చుకుంది. అంతవరకు నాకు ఆమె పని మీద కుళ్ళు. ఆ రోజు నుంచి ఆమె తప్పు మీద కూడా కుళ్ళు.

మళ్ళీ తియ్యాలి. “కాకా, ఎర్రది ఒకటి మంచిది సూసి ఇస్తవా?” అంది నాతో. ఆమె అడగడం అదే మొదటిసారి కాదేమో, నేను వినడం మొదటిసారి. డబ్బాలో మిగిలినవన్నీ వెలుతురుకు పెట్టి చూసి, తేదీలు చూసి, ఒకటి ఏరాను. కుర్చీకి ఈ పక్కన ఆమె కూర్చుంది. ఆమె పక్కన జాగా లేక నేను ట్యూబులు పట్టుకుని అవతలి వైపు నిలబడ్డాను. ఆమె సూది పెట్టింది. ఎల్లవ్వ అందరిలాగే మొఖం అవతలికి తిప్పుకుంది.

అవతల నేనున్నాను.

ఇన్నేళ్ళలో నేను చూడని మొఖం అది. కళ్ళు గట్టిగా మూసి, ఒక్కటి తెరిచి, నన్ను చూసి, “అయిందా అన్నా?” అని అడిగింది. ఇంకా కాలేదు. “అయింది, అయింది” అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. అంతలో నిజంగానే అయింది. ఆ ట్యూబు నిండుగా వచ్చింది. పొటాషియం ఎంత ఉండాలో అంతే ఉంది. నెత్తురు మాత్రం చాలా తక్కువ, దానికి మాత్రలు రాశారు. ఎల్లవ్వ పోతూ పోతూ రూతమ్మకు చెయ్యెత్తి మొక్కింది, నన్ను మరిచిపోయింది. అది సరే.

నేను ఇప్పుడు అసలు మాట చెబుతాను. వెంకటి చెప్పిన రోజు నేనొక ఉపాయం వేసుకున్నాను. నువ్వు వచ్చే రోజు రూతమ్మను ఏదో సాకుతో సారంగాపూర్ పంపించి, “ఆమె లేదు అక్కా, నేనే తీస్తాను, భయపడకు” అనాలని. ఆ ఉపాయం ఇప్పుడు లేదు. నీ చేతుల నరాలు నాకు తెలుసు. నూలు కండెలు చుట్టి చుట్టి అవి ఎముకకు అతుక్కున్నాయి. నేను రెండుసార్లు పొడిచే చోట ఆమె ఒక్కసారే పొడుస్తుంది. నీ రక్తం ఇప్పుడు ఆగని రక్తం. రెండో పోటు పెట్టే హక్కు నాకు లేదు. ఈ వాక్యం రాయడానికి నాకు అర్ధ గంట పట్టింది, బావా, దీన్ని మాత్రం రెండుసార్లు చదువు.

సోమవారం వెంకటి ట్రాలీలో ముందు సీటులో కూర్చుని రా. జగిత్యాల దిక్కు రాస్తారోకోలు ఎక్కువ, వేములవాడ మీదుగా కథలాపూర్ దారిన రమ్మను. ఎక్కడైనా ఆపితే పరీక్ష కోసం పోతున్నానని చెప్పు, మన పిల్లలే కదా, పోనిస్తారు. ఈలోపు మాత్ర వేసుకోవాలా మానాలా అని నీకై నువ్వు తేల్చకు. నీ గుండె డాక్టరుకు బావ ఫోన్ చేసి నెత్తురు వస్తున్న సంగతి చెప్పి, ఆయన ఏమంటే అది చెయ్యి. నెత్తురు ఎక్కువైతే సోమవారం దాకా ఆగకు, దగ్గరి ఆసుపత్రికి పో. మొండికెయ్యకు. నా మీద ఒట్టు.

వచ్చేటప్పుడు నాకు ఒక సీసాలో చింతకాయ తొక్కు తీసుకురా. ఇక్కడ దొరికేది తొక్కు కాదు, ఉప్పు ముద్ద. రూతమ్మకు కూడా చిన్న సీసా తెస్తావేమో, తేవాలనిపిస్తే తే. నాదానికంటే పెద్దది మాత్రం తేకు. ఇక్కడ సాంచెల చప్పుడు లేదు, ఒంటి గదిలో నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు రెండు రోజులుంటే నీ గురక వినిపిస్తుంది, అదొక్కటే మన ఊరి చప్పుడు.

బావకు దండాలు. వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు. నన్ను చల్లగా ఉండమని దీవించు, ముసలోడికి కూడా దీవెన పని చేస్తుంది.

నేను రూతమ్మతో మాట్లాడాను. సూది ఆమెది. ట్యూబులు నావి. ఆకాశం రంగుది రుమాలులోంచి నేనే విప్పుతాను, గీత దాకా నిండిందో లేదో నేనే చూస్తాను. నా కాలిలో ముల్లు తీసేటప్పుడు నువ్వు నా మొఖం నీ వైపు తిప్పుకునేదానివి, గుర్తుందా? నువ్వు కుర్చీలో కూర్చుని చెయ్యి ఆమెకు ఇవ్వు. సూది దగ్గరికి రాగానే అందరిలాగే మొఖం అవతలికి తిప్పుకో.

అవతల నేనుంటాను.

నీ తమ్ముడు,
రాజేశం